ముట్లుడిగిన తర్వాత గుండెకు కాపలా ఎవరు?

తెల్లవారి అయిదున్నర దాటిందంటే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని దారులు మేల్కొంటాయి. తార్నాక నుంచి, విద్యానగర్ నుంచి, అడిక్‌మెట్ నుంచి జనం నడకకు వస్తారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల గులాబీ రంగు రాతిగోడల మీద తొలి వెలుగు పడే వేళకు ఎదురుగా ఉన్న రోడ్డు మీద ఎన్నో రకాల నడకలు కనిపిస్తాయి. పోలీసు ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసే కుర్రవాళ్ళు ఒక పక్క, చేతులు వెనక్కి కట్టుకుని రాజకీయాలు మాట్లాడుకునే విశ్రాంత ఉద్యోగులు మరో పక్క. వీళ్ళ మధ్య యాభై, అరవై ఏళ్ళ స్త్రీలు ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా నడుస్తుంటారు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, కాళ్ళకు కొడుకో కూతురో కొనిచ్చిన బూట్లు తొడుక్కుని, ఇంటి సంగతులు చెప్పుకుంటూ నెమ్మదిగా సాగుతారు.

ఈ దృశ్యం చూసినప్పుడల్లా నాకు సంతోషమూ కలుగుతుంది, ఒక వెలితీ తోస్తుంది. సంతోషం ఎందుకంటే మా తరంలో ఈ వయసు స్త్రీ తనకోసం తాను ఇల్లు దాటి రావడమే అరుదు. వెలితి ఎందుకంటే ఆ నడకలో చాలా భాగం గుండెకు చేరడం లేదు. ఆ తప్పు వాళ్ళది కాదు. "వాకింగ్ చేయండమ్మా" అని చీటీ చివర ఒక్క ముక్క రాసి పంపిన మా వైద్యులది. ఎంత వేగంగా, ఎంతసేపు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకు మేము జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం 51 ఏళ్ళ గృహిణి ఒకామె నా దగ్గరకు వచ్చింది. మెట్లెక్కితే ఛాతీ మధ్యలో మంట, మెడ దాకా పట్టేసినట్టు ఉంటుందని, ఆగితే తగ్గుతుందని చెప్పింది. "గ్యాస్ అనుకుంటా డాక్టర్ గారూ, మా ఇంట్లో అందరికీ ఉంది" అని తానే రోగనిర్ధారణ కూడా చేసింది. నేను ఆమె మాటే పట్టుకున్నాను. రెండు వారాలకు మాత్రలు రాశాను. మూడోసారి వచ్చినప్పుడు గాని ఈసీజీ తీయించలేదు. అదృష్టం కొద్దీ ఆమె బతికి బయటపడింది. ఆ తర్వాత నింపాదిగా కూర్చుని అడిగితే తెలిసింది, ఆమెకు 34వ ఏటనే గర్భసంచి తీసేశారు, అండాశయాలు కూడా. అంటే ఆమె గుండె అప్పటికే 17 సంవత్సరాలుగా కాపలా లేకుండా కొట్టుకుంటోంది. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే నా ఆలోచన వేరుగా నడిచేది. ఒక పురుషుడు అదే వయసులో అదే బాధతో వచ్చి ఉంటే మొదటి రోజే ఈసీజీ తీయించి ఉండేవాణ్ణని నాకు బాగా తెలుసు.

కాపలా అంటే ఏమిటి?

స్త్రీకి రుతుక్రమం నడుస్తున్నంత కాలం అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోనును స్రవిస్తుంటాయి. అది గర్భాశయానికి మాత్రమే సంబంధించినదని చాలామంది అనుకుంటారు. నిజానికి రక్తనాళాల లోపలి పలుచని పొర మీద దాని ప్రభావం చాలా ఉంది. ఆ పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడి నాళాన్ని మెత్తగా, సాగే గుణంతో ఉంచుతుంది. ఈస్ట్రోజన్ ఆ పనికి ఊతమిస్తుంది. కాలేయంలో చెడు కొలెస్టరాల్‌ను రక్తం నుంచి లాగేసుకునే ద్వారాలను పెంచుతుంది. కొవ్వు పొట్ట చుట్టూ కాక తుంటి, తొడల వైపు చేరేలా చూస్తుంది.

ముట్లు ఆగే సంవత్సరాలలో ఈ హార్మోను పడిపోతుంది. చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. బరువు అంతే ఉన్నా నడుము చుట్టుకొలత పెరుగుతుంది. ధమనులు బిరుసెక్కుతాయి. రక్తపోటు మెల్లగా పైకి పాకుతుంది. నిద్ర చెదురుతుంది, ఒళ్ళు ఆవిర్లు కమ్ముతుంది. ఈ చివరి రెండూ బయటికి తెలిసేవి కనుక వాటి గురించే మాట్లాడుకుంటాం. మిగతావి చప్పుడు చేయవు కనుక వదిలేస్తాం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020లో వెలువరించిన ఒక శాస్త్రీయ ప్రకటన ఈ సంధికాలాన్ని గుండెజబ్బు ముప్పు వేగం పుంజుకునే దశగా గుర్తించింది. అంటే గుండె సంగతి పట్టించుకోవలసినది అరవై దాటాక కాదు, ముట్లు తప్పడం మొదలైన నాటి నుంచే.

మన దగ్గర గడియారం ముందే మోగుతోంది

పాశ్చాత్య దేశాలలో సహజంగా ముట్లుడిగే వయసు సగటున 51. మన దేశంలో అది సుమారు 46, 47. తెలుగు రాష్ట్రాలలో దీనికి తోడు ఇంకొక కారణం ఉంది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఈ లెక్కలో దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆ ఆపరేషన్ జరిగిన వయసు చూస్తే సగం మందికి 34 ఏళ్ళ లోపే జరిగిందని అదే సర్వే చెప్పింది.

తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో, "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు" అనో గర్భసంచి తీయించుకున్న స్త్రీలను నా వృత్తి జీవితంలో ఎందరినో చూశాను. నిజంగా ఆపరేషన్ అవసరమైనవారు ఉన్నారు, వారి విషయం వేరు. అండాశయాలను కూడా తీసేస్తే ముట్లుడగడం ఒక్క రోజులో జరిగిపోతుంది. అండాశయాలను ఉంచినా అవి మామూలు కంటే ముందుగా అలసిపోయే అవకాశం ఉంది. 45 ఏళ్ళ లోపే ముట్లుడిగిన స్త్రీలలో గుండె ధమనుల వ్యాధి ఎక్కువని అనేక పరిశీలనలు తేల్చాయి. అయినా ఆపరేషన్ తర్వాత ఇంటికి పంపే కాగితంలో కుట్ల గురించి ఉంటుంది, బరువులు ఎత్తవద్దని ఉంటుంది. గుండె గురించి ఒక్క వాక్యం ఉండదు. "బరువులు ఎత్తకు" అన్న ఆ ఆరు వారాల మాటను ఆరు సంవత్సరాల పాటు పాటించి కదలిక మానేసినవారు కూడా ఉన్నారు.

బస్సు చెప్పిన పాఠం

శారీరక శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొదట గట్టిగా చూపించినది ఒక బస్సు కథ. తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి ఉంది కనుక ఈ ప్రాంతపు పాఠకులకు ఇది దగ్గరి కథే. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశాడు. ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే జీతం, ఒకే రకం ఇళ్ళు. తేడా ఒక్కటే. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె ధమనుల వ్యాధి కండక్టర్లలో చాలా తక్కువగా, వచ్చినా తక్కువ తీవ్రతతో కనిపించింది. తర్వాత మోరిస్ తన లెక్కను తానే అనుమానించి వాళ్ళ యూనిఫారాల కొలతలు తీసి చూశాడు. డ్రైవర్ల ప్యాంటు నడుము ఉద్యోగంలో చేరేనాటికే కాస్త పెద్దదని తేలింది. అంటే తేడా అంతా మెట్ల వల్లనే కాకపోవచ్చు. అయినా ఆ తర్వాతి 70 ఏళ్ళలో వచ్చిన పరిశోధనలు ఆయన మూలసూత్రాన్ని నిలబెట్టాయి.

అయితే మోరిస్ చూసినవారు పురుషులు. స్త్రీల గురించి అంత పెద్ద ఆధారాలు రావడానికి మరో 45 ఏళ్ళు పట్టింది. 1999లో అమెరికాలో 72,488 మంది నర్సులను పరిశీలించిన అధ్యయనం వెలువడింది. వారానికి మూడు గంటలు, ఆపైన చురుగ్గా నడిచేవారిలో గుండెపోటు ముప్పు కదలని వారి కంటే 30 నుంచి 40 శాతం తక్కువగా ఉంది. 2002లో ముట్లుడిగిన స్త్రీల మీదే ప్రత్యేకంగా 73,743 మందితో మరొక అధ్యయనం వచ్చింది. అందులో తేలిన రెండు సంగతులు ప్రతి ఇంట్లోనూ తెలియాలి. ఒకటి, చురుకైన నడక వల్ల కలిగిన మేలు పరుగు వంటి తీవ్ర వ్యాయామం వల్ల కలిగిన మేలుతో ఇంచుమించు సమానం. రెండు, రోజులో ఎక్కువ గంటలు కూర్చునే వారికి ముప్పు ఎక్కువ.

అదే 2002లో ఇంకొకటి జరిగింది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ మాత్రలు మింగితే గుండె కాపాడబడుతుందన్న ఆశతో 16,608 మంది స్త్రీలతో నడుస్తున్న పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ వాడిన ఆ స్త్రీలలో రొమ్ము క్యాన్సరు, పక్షవాతం, రక్తపు గడ్డలు, గుండెజబ్బు పెరిగాయి. ఒళ్ళు ఆవిర్లు భరించలేనంతగా ఉన్నవారికి, చిన్న వయసులోనే ముట్లుడిగినవారికి వైద్యుని పర్యవేక్షణలో హార్మోన్ల చికిత్సకు నేటికీ స్థానం ఉంది. కాని గుండెను కాపాడడానికని మాత్రమే ఎవరూ దాన్ని మొదలుపెట్టరు. పోయిన కాపలాదారుణ్ణి మాత్ర రూపంలో తెచ్చిపెట్టడం అంత సులభం కాదని ఆ ప్రయోగం నేర్పింది. నడకకు విలువ అక్కడే మరింత పెరిగింది.

ఏరోబిక్ వ్యాయామం గుండెకు చేసేది, చేయనిది

పెద్ద కండరాలను లయబద్ధంగా, ఆపకుండా కొంతసేపు కదిలిస్తూ, ఊపిరి, గుండె వేగం పెరిగేలా చేసే పని ఏదైనా ఏరోబిక్ వ్యాయామమే. చురుకైన నడక, సైకిలు, ఈత, బతుకమ్మ చుట్టూ చప్పట్లతో ఆగకుండా తిరగడం, అన్నీ ఇందులోకి వస్తాయి. శ్రమ సమయంలో రక్తప్రవాహం వేగం పెరిగి నాళాల గోడలను రాసుకుంటూ వెళుతుంది. ఆ ఒరిపిడే నైట్రిక్ ఆక్సైడ్‌ను వెలువరించమని లోపలి పొరకు సంకేతం. కండరాలు రక్తంలోని చక్కెరను మరింత సులభంగా తీసుకుంటాయి. ట్రైగ్లిసరైడ్లు తగ్గుతాయి. పొట్ట లోపలి కొవ్వు కరుగుతుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది కనుక విశ్రాంతిలో నాడి నెమ్మదిస్తుంది.

ఇక చేయనివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది ప్రకటన అవుతుంది గాని వైద్య సలహా కాదు. చెడు కొలెస్టరాల్ నడకతో పెద్దగా తగ్గదు. అది బాగా ఎక్కువగా ఉంటే మాత్ర అవసరం కావచ్చు. రక్తపోటు ఉన్నవారిలో క్రమం తప్పని ఏరోబిక్ వ్యాయామం పై అంకెను సగటున 5 నుంచి 8 దాకా తగ్గిస్తుందని అంచనా. కాని అందరిలోనూ తగ్గుతుందని హామీ లేదు. 2007లో అమెరికాలోని డల్లాస్‌లో జరిగిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. కదలిక తక్కువ, బరువు ఎక్కువ, రక్తపోటు కాస్త ఎక్కువ ఉన్న 464 మంది ముట్లుడిగిన స్త్రీలను తీసుకుని, కొందరిని వ్యాయామం లేకుండా ఉంచి, మిగతావారిని మూడు మోతాదుల్లో ఆరు నెలలు వ్యాయామం చేయించారు. రక్తపోటు చెప్పుకోదగినంత తగ్గలేదు. కాని గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం మోతాదును బట్టి మెట్టుమెట్టుగా పెరిగింది. వారానికి సుమారు 72 నిమిషాలు చేసినవారిలో 4.2 శాతం, 136 నిమిషాలు చేసినవారిలో 6 శాతం, 192 నిమిషాలు చేసినవారిలో 8.2 శాతం.

నాకు ఈ ప్రయోగంలో అన్నింటికంటే నచ్చినది ఆ మొదటి అంకె. వారానికి 72 నిమిషాలు అంటే రోజుకు పది నిమిషాల చిల్లర. సిఫార్సులో సగం. "గంట నడవలేను కనుక అసలు నడవను" అనే తల్లులకు ఇంతకంటే మంచి జవాబు లేదు. అలాగని అక్కడే ఆగిపోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితో పాటు వారానికి రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం అవసరం.

ముట్లుడిగిన స్త్రీలలో రక్తనాళాల లోపలి పొర వ్యాయామానికి స్పందించే తీరు అదే వయసు పురుషులలో కంటే మందకొడిగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి. ఈస్ట్రోజన్ లేని నాళం పాఠం ఆలస్యంగా నేర్చుకుంటుందన్నమాట. ఇందులో నిరాశపడవలసినది లేదు, తొందరపడవలసినది ఉంది. ముట్లు తప్పడం మొదలైన తొలి సంవత్సరాలలోనే అలవాటు పడిన వ్యాయామం, నాళాలు బిరుసెక్కాక మొదలుపెట్టిన దానికంటే మేలు చేస్తుందని భావించడానికి తగిన కారణాలున్నాయి.

నడక ఎలా ఉండాలి?

ఖరీదైన గడియారాలు అక్కరలేదు. నడుస్తున్నప్పుడు పక్కనున్నవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇదే కొలబద్ద. ఇంటి సంగతులన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పగలుగుతున్నారంటే వేగం చాలదు. రెండు మాటలకే ఆయాసపడుతున్నారంటే వేగం ఎక్కువైంది.

అంకెలు కావాలనేవారికి ఒక లెక్క. స్త్రీలలో గుండె గరిష్ఠ వేగం కట్టడానికి వయసును 0.88తో గుణించి 206 నుంచి తీసివేయాలి. 2010లో స్త్రీలను మాత్రమే పరిశీలించి చేసిన సూత్రమిది. 220 నుంచి వయసు తీసివేసే పాత లెక్క స్త్రీలకు కాస్త ఎక్కువ చూపుతుంది. 55 ఏళ్ళ స్త్రీకి ఇది సుమారు 158. మధ్యస్థ శ్రమలో నాడి నిమిషానికి 100 నుంచి 120 మధ్య ఉంటే సరిపోతుంది. రక్తపోటుకో, గుండెదడకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి అంతగా పెరగదు. వాళ్ళు అంకెను వదిలి మాటల పరీక్షనే నమ్ముకోవాలి.

మొదటి రెండు వారాలు రోజుకు పది నిమిషాలు చాలు. మొదటి మూడు నిమిషాలు మామూలుగా, తర్వాత వేగంగా, చివర మళ్ళీ నెమ్మదిగా. ఆపైన వారానికి అయిదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు చేరండి. వారంలో అయిదు రోజులు. పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను నిమిషాలుగా విడగొట్టుకున్నా నష్టం లేదు. మాటలాడుకోవడం మానవద్దు. స్నేహితురాలి కోసమే చాలామంది పొద్దున్నే లేస్తారు, ఆ బంధమే అలవాటును నిలబెడుతుంది. మొదటి పావుగంట వేగంగా నడిచి, తర్వాత కబుర్లకు దిగండి. వేసవిలో ఎండ ఎక్కకముందే ముగించండి. మోకాళ్ళు నొప్పులున్నవారు సైకిలు వ్యాయామంతో గాని, నీళ్ళలో నడకతో గాని మొదలుపెట్టవచ్చు.

"ఇంటిపని చాలదా?"

ఈ ప్రశ్న నన్ను వేలసార్లు అడిగి ఉంటారు. ఇంటిపని శ్రమే, దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కూర్చోవడం కంటే అది ఎన్నో రెట్లు మేలు. కాని గ్యాస్ పొయ్యి, కుక్కరు, మిక్సీ, వాషింగ్ మెషీన్ వచ్చాక ఇంటిపనిలో నిలబడడం ఎక్కువ, ఊపిరి పెరగడం తక్కువ అయింది. అయిదు నిమిషాలకొకసారి తెగిపోయే పనిలో గుండె వేగం పెరిగి నిలవదు. ఒళ్ళు అలసిపోతుంది గాని గుండెకు సాధన దొరకదు. మా అమ్మమ్మ తరం రోకలి, తిరగలి, బావినీళ్ళ మోతలో అది దొరికేది. ఆ కాలం తిరిగి రావాలని కోరడం లేదు. ఆ శ్రమలోంచి గుండెకు దక్కిన అరగంటను మరో దారిలో తిరిగి తెచ్చుకోమంటున్నాను.

రెండో మాట, సమయం. 2022 నాటి లెక్కల ప్రకారం మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని స్త్రీలు 57 శాతమని, పురుషులు 42 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు అంచనా వేశారు. ఈ తేడాకు సోమరితనం కారణమని నేను ఒప్పుకోను. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా మన ఇళ్ళలో ఎవరు ఏం చేస్తున్నారో ఒక్కసారి గమనించండి. మగవాడు నడకకు వెళ్ళివస్తే "ఆరోగ్యం మీద శ్రద్ధ" అంటాం. ఆడమనిషి వెళితే "టిఫిన్ ఆలస్యమైంది" అంటాం. ముట్లుడిగిన స్త్రీకి ఏరోబిక్ వ్యాయామం సూచించడమంటే ఆ ఇంట్లో మిగతావాళ్ళకు అరగంట పని సూచించడమే. ఇకమీద చీటీ మీద ఆమె పేరుతో పాటు భర్తకూ, కొడుక్కూ ఆదేశం రాయాలి: పొద్దున పాలు కాచడం, డబ్బాలు కట్టడం మీ వంతు.

ఇక్కడ మరొక వర్గాన్ని మరువకూడదు. తార్నాక అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ళ పని చేసుకోవడానికి మైళ్ళ దూరం నడిచివచ్చే స్త్రీలున్నారు. వాళ్ళకు నడక తక్కువై కాదు, రక్తపోటు ఎవరూ చూడక ముప్పు. వాళ్ళకు కావలసినది వ్యాయామ బోధ కాదు, ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర పరీక్ష, మధ్యాహ్నం కాస్త విశ్రాంతి. మీ ఇంట్లో రక్తపోటు యంత్రం ఉంటే ముందు వాళ్ళ చేతికి కట్టి చూడండి.

ఎవరు జాగ్రత్త పడాలి?

నడిస్తే ఛాతీలో బరువు, మంట, దవడకో వీపుకో ఎడమ చేతికో పాకే నొప్పి వచ్చి, ఆగితే తగ్గేవారు వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి కలవాలి. అకారణంగా ఆయాసం, కళ్ళు తిరగడం, ఈమధ్యనే మొదలైన విపరీతమైన నీరసం ఉన్నవారు కూడా. స్త్రీలలో గుండెపోటు చాలాసార్లు నాటకాల్లో చూపినట్టు గుండె పట్టుకుని పడిపోయేలా రాదు. వికారం, చెమటలు, వీపు నొప్పి, చెప్పలేని అలసట రూపంలో రావచ్చు. అలాంటివి ఒక్కసారిగా వచ్చి తగ్గకపోతే సోడా, వాము నీళ్ళతో కాలయాపన చేయకుండా 108కి ఫోను చేయండి. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో నడకకు బయలుదేరవద్దు.

మనం అడగవలసినవి

తార్నాక మామూలు చోటు కాదు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన పరిశోధనాలయం ఇక్కడే ఉంది. ఆ సంస్థ 2024లో దేశమంతటి కోసం 17 ఆహార సూత్రాలను ప్రకటించింది. మంచి ఆహారం, శారీరక శ్రమ కలిస్తే గుండె ధమనుల వ్యాధి, అధిక రక్తపోటు చాలావరకు తగ్గుతాయని, రెండో రకం మధుమేహాన్ని 80 శాతం దాకా నివారించవచ్చని అందులో ఉంది. అంటే దేశానికి సలహా వెలువడిన చోటుకు కూతవేటు దూరంలోనే మన నడకదారి ఉంది. జ్ఞానానికీ పాదాలకూ మధ్య ఉన్న ఈ కాస్త దూరాన్ని దాటించడమే మిగిలింది.

నా అభిప్రాయంలో దానికి మూడు పనులు చాలు. నలభై దాటిన ప్రతి స్త్రీ ఆసుపత్రి చీటీ మీద రక్తపోటు పక్కనే "ముట్లుడిగిన వయసు" అన్న గడి ఉండాలి. గర్భసంచి తీసిన ప్రతి స్త్రీకీ ఇంటికి పంపే కాగితంలో ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలూ, ఆరు వారాల తర్వాత మొదలుపెట్టవలసిన నడకా రాసివ్వాలి. ఇక స్త్రీలు నిర్భయంగా నడవగల చోట్లు కావాలి. వీధి దీపం, పగలని కాలిబాట, శుభ్రమైన మరుగుదొడ్డి, కుక్కల భయం లేని దారి, ఇవి కూడా గుండె మందులే. యాభై ఏళ్ళ స్త్రీకి మరుగుదొడ్డి లేని నడకదారి సగం మూసిన దారితో సమానం. విశ్వవిద్యాలయ ప్రాంగణం వంటి పచ్చని చోటు పక్కనే ఉండడం అందరికీ దొరికే అదృష్టం కాదు. మిగతా బస్తీలకూ ఏదో ఒక దారి కావాలి.

ఇక మీ వంతు. ఈరోజు ఇంటికి వెళ్ళాక మీ అమ్మగారినో, అత్తగారినో, అక్కనో ఒక ప్రశ్న అడగండి. "నీకు ముట్లు ఏ వయసులో ఆగిపోయాయి?" ఆ జవాబును ఒక కాగితం మీద రాసి రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ అంకెలతో పాటు భద్రపరచండి. రేపు ఉదయం ఆమెతో పది నిమిషాలు నడవండి. మాట్లాడగలుగుతూ, పాడలేకపోతున్నంత వేగంతో.

నేను మొదట చెప్పిన ఆ తల్లి చికిత్స తర్వాత చాలాకాలం నడిచింది. ఒకసారి పరీక్షకు వచ్చినప్పుడు నవ్వుతూ, "ఇప్పుడు గ్యాస్ లేదు డాక్టర్ గారూ" అంది. ఆ నవ్వులో ఉన్న ఎత్తిపొడుపు నాకు అర్థమైంది. నాకు అది తగినదే.